యంత్రం కొంటే సరిపోదు, స్ఫటికం పెంచాలి

అమరావతిలో క్వాంటం వ్యాలీ, విశాఖలో గూగుల్ డేటా సెంటర్. కొంతకాలంగా ఏ టీవీ పెట్టినా, ఏ పేపరు తిరగేసినా ఈ రెండు మాటలే. ఎకరాలెన్ని, కోట్లెన్ని, ఉద్యోగాలెన్ని అన్న లెక్కలు పాఠకులకు ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఈ సందడి నడుస్తుండగానే 2025 నవంబరులో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి ఒక కొలత వెలువడింది. గ్రాఫీన్ అనే అతి పల్చని కార్బన్ పొరల్ని మూడింటిని చిన్న మెలిక పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చారు. వాటిలో జతకట్టిన ఎలక్ట్రాన్లను విడదీయడానికి ఎంత శక్తి కావాలో కొలిచారు. గీత ఇంగ్లిషు ‘వి’ అక్షరం ఆకారంలో వచ్చింది. మన రాష్ట్రం క్వాంటం పేరుతో పెడుతున్న ఖర్చు ఎటు పోవాలో చెప్పగల వార్త అదేనని నా నమ్మకం. మన చర్చల్లో దానికి రెండు నిమిషాలు కూడా దక్కలేదు.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. మెలితిప్పిన గ్రాఫీన్‌లో కనిపిస్తున్న అతివాహకత, అంటే కరెంటుకు అడ్డే లేని స్థితి, పాఠ్యపుస్తకంలోని పాత రకం కాదని తేలిపోయినట్టే. తేల్చడానికి పనికొచ్చినవి రెండు: మచ్చలేని స్ఫటికం, ఓపికున్న చెయ్యి. ఈ రెండూ ఓడలో దిగుమతి చేసుకుని రిబ్బను కత్తిరించే సరుకులు కావు. ఒక ఊళ్లో ఏళ్ల తరబడి పెంచుకోవాల్సినవి. అందుకు విశాఖ తగిన ఊరు. ఇక్కడ ఆ పని మొదలుపెట్టకుండా మనది క్వాంటం రాష్ట్రమని చెప్పుకుంటే, అద్దె ఇంటికి మన పేరు బోర్డు పెట్టుకున్నట్టే.

వెనకటి కథ క్లుప్తంగా. కొన్ని పదార్థాల్ని బాగా చల్లబరిస్తే వాటిలో కరెంటుకు అడ్డు పూర్తిగా పోతుంది. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని 4.2 కెల్విన్ దాకా, అంటే మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లార్చి ఈ వింతను మొదటిసారి చూశాడు. అంతటి చల్లదనం ఆయనకు ద్రవ హీలియం వల్ల దొరికింది. ఆ హీలియం కథకు మొదలు మన నేల మీదే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు నుంచి వచ్చిన పాగ్సన్ మచిలీపట్నంలో దుర్భిణులు బిగించుకుని సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును విడగొట్టి చూశారు. ఆ వెలుగులోని పసుప్పచ్చ గీత భూమ్మీద అప్పటికి ఎవరూ ఎరగని మూలకానిదని తర్వాత ఇంగ్లండులో లాకియర్ చెప్పాడు. గుంటూరు ఎండలో మొదలైన దారి లైడెన్ చలిలోకి వెళ్లింది. మనం ఆ దారిలో మళ్లీ అడుగు పెట్టలేదు.

1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అనే ముగ్గురు ఈ వింతకు కారణం చెప్పారు. ఎలక్ట్రాన్లన్నీ రుణావేశం కలవే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకోవాలి. మరి జంట ఎలా కడతాయి? నులక మంచం గుర్తు తెచ్చుకోండి. ఒకరు కూర్చోగానే నులక కుంగుతుంది, పక్కన కూర్చున్నవారు తమకు తెలియకుండానే అటు ఒరుగుతారు. లోహంలోని పరమాణువుల అల్లిక ఆ నులక. ఒక ఎలక్ట్రాన్ వెళ్తూ దాన్ని కాస్త కుంగదీస్తుంది, ఆ పల్లంలోకి ఇంకొకటి వస్తుంది. ఇది సంప్రదాయ అతివాహకత. ఆసుపత్రిలో ఎంఆర్ఐ యంత్రం అయస్కాంతమూ, అమరావతి కోసం మాట్లాడుకుంటున్న ఐబీఎం వారి 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటరూ ఈ కోవలోవే.

1986లో బెడ్నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడుల్లో వేరే రకం అతివాహకతను కనిపెట్టారు. మరుసటి ఏడాదికల్లా అది 93 కెల్విన్‌కు, అంటే మైనస్ 180 డిగ్రీలకు చేరింది. హీలియం అక్కర్లేదు, పాల క్యానులో పోసుకుని తెచ్చుకోగల ద్రవ నైట్రోజన్ చాలు. అంత వేడిలో జంటలు నిలవడానికి నులక కుంగుబాటు సరిపోదని ఎక్కువమంది ఒప్పుకున్నారు. మరి ఏ బంధం కలుపుతోంది? నలభై ఏళ్లుగా పంచాయితీ తెగలేదు. తెగకపోవడానికి పెద్ద కారణం ఆ పదార్థాల తీరే. ఎలక్ట్రాన్ల సంఖ్య కొంచెం మార్చి చూద్దామంటే కొత్త పాళ్లతో కొత్త స్ఫటికం కాల్చుకోవాలి. ఉప్పు చాలిందో లేదో చూడ్డానికి ప్రతిసారీ కొత్త కుండ ఎక్కించి వండినట్టు. రెండు కుండల రుచిలో తేడా ఉప్పు వల్లనా, మంట వల్లనా, కుండ వల్లనా? చెప్పడం కష్టం.

గ్రాఫీన్ సంగతి అర్థం కావాలంటే ఒకసారి పొద్దున్నే విశాఖలో పెద్ద జాలరిపేట వైపు నడవండి. ఇసుక మీద ఒక వల మీద ఇంకో వల ఆరేసి ఉన్న చోట ఆగండి. నేను ఆగిన రోజు అవి రెండూ నీలం నైలాను వలలు, కన్నులు చిటికెనవేలి గోరంత. పైవల అంచు కాళ్ల మీద వేసుకుని ఒక పెద్దాయన తెగిన చోట ముడులు వేస్తున్నారు. ఆయన చెయ్యి లాగినప్పుడల్లా పైవల రవ్వంత తిరిగేది. తిరిగినప్పుడల్లా రెండు వలల మధ్య అరచేతంత గళ్లు తేలేవి. పైవలలో అంత పెద్ద గడి లేదు, కిందివలలోనూ లేదు. మెలిక తగ్గితే గళ్లు పెద్దవయ్యేవి, పెరిగితే చిన్నవయ్యేవి. “ఏటి బాబూ, అలా సూస్తన్నారు?” అని అడిగారాయన. వేలు పెట్టి చూపించాను. “అదా! అది వల కాదు బాబూ, వల మీద వల పడితే వచ్చే మాయ” అన్నారు.

భౌతికశాస్త్రంలో ఆ మాయకు మోరే అని పేరు. గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ వల. పెన్సిలు ముల్లులో ఉండే గ్రాఫైటు నుంచి అంటుటేపుతో దాన్ని ఊడదీసి చూపించింది మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలొవ్. 2004లో ఆ పని బయటపడింది, 2010లో నోబెల్ వచ్చింది. అలాంటి రెండు వలల్ని దాదాపు 1.1 డిగ్రీల మెలికతో పేరిస్తే ఒక్కో మాయగడి సుమారు 13 నానోమీటర్లుంటుంది, అందులో దాదాపు పదకొండు వేల కార్బన్ పరమాణువులు ఇముడుతాయి. సరిగ్గా ఆ కోణం దగ్గర ఎలక్ట్రాన్లు దాదాపు నిలబడిపోతాయని 2011లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో బిస్ట్రిట్సర్, మెక్‌డొనాల్డ్ లెక్కకట్టి చెప్పారు. మామూలు గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు ఖాళీ హైవే మీద బండ్ల లాంటివి, పక్కబండి ఏం చేస్తోందో పట్టించుకోవు. ఈ కోణం దగ్గర మాత్రం సాయంత్రం ఆరింటికి మద్దిలపాలెం జంక్షన్. ప్రతి బండీ పక్కబండి కదలికను చూసుకునే కదలాలి. వేగం పోయాక ఎలక్ట్రాన్లకు మిగిలేది ఒకదానితో ఒకటి పడే పేచీయే. ఆ పేచీలోంచే వింతలన్నీ పుడతాయి.

2018 మార్చి 5న ఎంఐటీలోని పాబ్లో హరీయో-ఎర్రెరో బృందం దీన్ని చేసి చూపించింది. పరిశోధన పత్రంలో మొదటి పేరు యువాన్ కావ్‌ది, అప్పటికి అతనికి 21 ఏళ్లు. 1.7 కెల్విన్ దగ్గర అడ్డు సున్నా అయింది. ఆ ఉష్ణోగ్రత చిన్నదే. నన్ను కదిలించింది అది కాదు, అడుగున ఉన్న ఒక లోహపు పలక. దాని మీద వోల్టేజి మార్చితే చాలు, గ్రాఫీన్‌లోకి ఎలక్ట్రాన్లు ఎక్కుతాయి, దిగుతాయి. ఒక్కో మాయగడిలోంచి రెండేసి ఎలక్ట్రాన్లు తీసేస్తే పదార్థం కరెంటు పారనివ్వని బంధకమైంది. అక్కడి నుంచి నాబు రవ్వంత అటూ ఇటూ తిప్పితే అతివాహకమైంది. ఒకే స్ఫటికం, ఒకే కుండ. ఉప్పు మాత్రం మనం కోరినంత వేసి, మళ్లీ తీసేయగల కుండ! రాగి ఆక్సైడుల మీద ఒక జీవితకాలం పట్టే వరుస ప్రయోగాలు ఇక్కడ ఒక రాత్రిలో ఒకే ముక్క మీద అయిపోతాయి. పైగా పదార్థమంతా కార్బన్, వేరే మూలకాల కలగూరగంప కాదు. నలభై ఏళ్ల పంచాయితీకి ఇంత శుభ్రమైన సాక్షి ఇదివరకు దొరకలేదు.

ఆ సాక్షి చెప్పింది వినండి. 2021లో మూడు పొరల నమూనాను గట్టి అయస్కాంత క్షేత్రంలో పెట్టారు. సంప్రదాయ రకమైతే జంటలు విడిపోవాల్సిన హద్దుకు దాదాపు మూడింతలు దాటి, 10 టెస్లా దాకా అతివాహకత నిలబడింది. మనం ఆసుపత్రుల్లో మామూలుగా చూసే ఎంఆర్ఐ బలం 1.5 టెస్లా. జంటలో రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు (ప్రతి ఎలక్ట్రాన్‌కూ ఉండే బుల్లి అయస్కాంత గుణం) ఎదురెదురుగా ఉంటాయన్న పాత పాఠం ఇక్కడ కుదరడం లేదని దాని అర్థం.

2025 ఫిబ్రవరిలో రెండు పత్రాలు వచ్చాయి, ఒకటి ఎంఐటీ వాళ్లది, ఒకటి హార్వర్డ్ వాళ్లది. అతివాహక ప్రవాహం ఎంత గట్టిగా, ఎంత బిగువుగా ఉందో కొలిచారు. ఈ కథలో నాకు నిద్ర పట్టకుండా చేసిన భాగం ఇదే. ఆలోచించండి. ఎలక్ట్రాన్లు నిలబడిపోయాయని కదా అంటున్నాం? నిలబడిపోయినవాళ్లు ఊరేగింపు ఎలా తీస్తారు? పాత లెక్క ప్రకారం కదలిక లేనిచోట ప్రవాహపు బిగువు కూడా ఉండకూడదు. కొలిస్తే ఆ లెక్క చెప్పిన దానికంటే పదింతలు ఎక్కువ వచ్చింది. ఆ బిగువు ఎలక్ట్రాన్ల వేగం నుంచి రావడం లేదు. వాటి తరంగాలు ఒకదాని మీదికి ఒకటి ఎలా పరుచుకుని ఉన్నాయన్న దాని నుంచి, అంటే వాటి క్వాంటం జ్యామితి నుంచి వస్తోంది. ఫిన్లండులో పెయొట్టా, తొర్మా 2015లోనే ఇలా జరగొచ్చని కాగితం మీద చూపించారు. నడవని ఎలక్ట్రాన్లు అల్లిక బలంతోనే ప్రవాహాన్ని మోస్తున్నాయి. కరెంటు అంటే తీగలో ఎలక్ట్రాన్ల నడక అని మనం బళ్లో చెప్పించుకున్న పాఠానికి ఇక్కడ ఒక కొత్త పేజీ చేరింది.

ఆ తర్వాత నవంబరు ‘వి’. పాత రకం అతివాహకంలో జంటను విడదీయడానికి ఏ దిక్కునైనా ఒకే ఖరీదు, కాబట్టి గీత అడుగున చదునుగా, ఇంగ్లిషు ‘యు’ అక్షరంలా వస్తుంది. ‘వి’ వచ్చిందంటే కొన్ని దిక్కుల్లో ఆ ఖరీదు సున్నా. నులక కుంగుబాటు మామూలుగా దిక్కులెరగదు, అన్ని వైపులా సమానంగా లాగుతుంది. దిక్కు చూసి మారే బంధం ఎలక్ట్రాన్ల మధ్య పేచీల్లోంచి రావడమే సహజం. ఇదివరకూ ఇలాంటి ‘వి’లు కనిపించాయి, కానీ అది అతివాహకతదేనా, వేరే దేనిదైనానా అన్న అనుమానం వెంటాడేది. ఈసారి ఒకే నమూనాలో ఒక పక్క అడ్డు సున్నా అవడాన్ని, ఇంకో పక్క ఆ గీతను ఏకకాలంలో కొలిచారు. అడ్డు సున్నా ఉన్నంతసేపే ఆ గీత నిలిచింది. దొంగను ఇంట్లో సొమ్ముతో సహా పట్టుకున్నట్టు.

కాదనేవాళ్లు లేరా? ఉన్నారు, తేలిగ్గా తీసేయదగ్గవాళ్లు కారు. 2020లో కొందరు పక్కనున్న బంధక స్థితిని అణచివేసినా అతివాహకత బతికే ఉందని చూపించారు, కాబట్టి రెంటికీ మూలం వేరని, పరమాణువుల కంపనాలే, అంటే ఆ నులక కుంగుబాటే, జంటల్ని కలుపుతున్నాయని వాదించారు. 2024లో ఎలక్ట్రాన్లకూ కంపనాలకూ మధ్య గట్టి బంధం ఉందన్న కొలతా వచ్చింది. ఇంకో రకం అభ్యంతరం మన ఊరివాళ్లది: కొన్ని కెల్విన్ల దగ్గర, వెంట్రుక కంటే చిన్న ముక్కలో జరిగేదానితో మనకేం పని, ముందు కుర్రాళ్లకు ఉద్యోగాలు చూడండి అంటారు.

కంపనాలు పక్కవాద్యం వాయించవచ్చు, నాకు పేచీ లేదు. కానీ పాట వాటిది కాదు. పదింతల బిగువును, మూడింతల అయస్కాంత ఓర్పును, దిక్కులెరిగిన గీతను మూడింటినీ ఒక్క నులక మంచం మోయలేదు. ఇక ఉద్యోగాల మాట. గూగుల్ కేంద్రానికి ఒక గిగావాట్ స్థాయి కరెంటు అంటున్నారు. అందులో చిప్పులు తినేది చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఎలక్ట్రాన్లు రాసుకుంటూ నడవడం వల్ల వచ్చే ఆ వేడిని తప్పించే పదార్థం ఎలా ఉంటుందో తెలియాలంటే, ముందు ఆ జంటలు ఎందుకు కడుతున్నాయో తెలియాలి. ఆ ప్రశ్నకు శుభ్రంగా జవాబు చెప్పగల పదార్థం ఇవాళ చేతిలో ఉంది. దానితో పనిచేయడం నేర్చిన కుర్రాడికి ఏ చిప్పుల కంపెనీలోనైనా తలుపు తెరిచే ఉంటుంది.

ఇప్పుడు నా అసలు బాధకు వస్తాను. పైన చెప్పిన ప్రయోగాల పత్రాలు తీసి పేర్ల వరుస చివర చూడండి. దాదాపు ప్రతిదాంట్లో రెండు జపాను పేర్లు: వతనబె, తనిగుచి. వీళ్లు సిద్ధాంతాలు రాసినవాళ్లు కారు, కోణాలు తిప్పినవాళ్లు కారు. త్సుకుబా నగరంలో ఒక జాతీయ సంస్థలో స్ఫటికాలు పెంచుతారు. గ్రాఫీన్‌ను పైనా కిందా కాపాడుతూ పరుపులా ఉండేది బోరాన్ నైట్రైడ్ స్ఫటికం. అందులో మురికి ఉంటే గ్రాఫీన్ ఎలక్ట్రాన్లు తడబడతాయి, ఏ కొలతా నిలవదు. వీళ్లిద్దరూ 1980ల నాటి పెద్ద హైడ్రాలిక్ ప్రెస్సులో, వాతావరణ పీడనానికి వేల రెట్ల ఒత్తిడిలో, పదిహేను వందల డిగ్రీలు దాటిన వేడిలో రోజుల తరబడి ఆ స్ఫటికాల్ని పండిస్తారు. ప్రపంచంలోని ల్యాబులకు ఉత్తినే పంపుతారు, పత్రంలో పేరు పెడితే చాలంటారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో, ముంబై టీఐఎఫ్ఆర్‌లో మెలికల గ్రాఫీన్ మీద మంచి పని చేస్తున్న మనవాళ్ల పత్రాల్లోనూ ఆ రెండు పేర్లు కనిపిస్తాయి. ఒక పాత ప్రెస్సు, దాని పక్కన దశాబ్దాలు నిలబడ్డ ఇద్దరు మనుషులు. ఒక శాస్త్రశాఖ మొత్తం వాళ్ల భుజాల మీద నడిచింది.

మెలిక పెట్టడం సంగతి కూడా చూడండి. ముందు ఒక గాజు పలకకు అంటించిన జిగురు ప్లాస్టిక్ బొట్టుతో బోరాన్ నైట్రైడ్ పొరను పట్టుకుంటారు. సూక్ష్మదర్శిని కింద దాన్ని ఒక గ్రాఫీన్ రేకు సగం మీదికి మాత్రమే దించి, పైకి లేపుతారు. రేకు రెండుగా చిరిగి సగం పైకొస్తుంది. అప్పుడు కింద పీటను ఒక డిగ్రీ పైచిలుకు తిప్పి, రెండో సగం మీదికి మళ్లీ దించుతారు. రెండు ముక్కలూ ఒకే రేకువి కాబట్టి కోణం తెలిసిపోతుంది. అయినా చాలాసార్లు పని చెడుతుంది. కాస్త వేడి తగిలితే పొరలు తిరిగి సర్దుకుపోవాలని చూస్తాయి, మెలిక విప్పుకుంటాయి. అందుకని అనుభవమున్నవాళ్లు కావలసిన దానికంటే రవ్వంత ఎక్కువ తిప్పుతారు. ఆ రవ్వంత ఎంతో ఏ పుస్తకంలో రాసి ఉండదు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మ తిరుగుతుండగా లక్కబిళ్ల ఎంత ఒత్తితే రంగు పట్టి, ఎంత ఒత్తితే మాడిపోతుందో చెయ్యికే తెలిసినట్టు, ఇదీ చెయ్యికే తెలుస్తుంది. ఏటికొప్పాక మనకు ఎంత దూరమని?

మనకు ఆలోచనకు కొరత లేదు. రాగి ఆక్సైడుల గురించి 1987లోనే అమెరికా శాస్త్రవేత్త ఆండర్సన్‌తో కలిసి పనిచేసిన చెన్నై శాస్త్రవేత్త బాస్కరన్, 2010లో సందీప్ పాఠక్, విజయ్ షెణయ్‌లతో కలిసి గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు పెంచితే అసాధారణ అతివాహకత రావచ్చని లెక్కకట్టారు. మన దేశపు బుర్రలు ఎంత ముందుకు చూశాయో చెప్పడానికి ఇది చాలు. చేతిపనికే కరువు. కేంద్రం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటం మిషన్‌కు ₹6,003.65 కోట్లు మంజూరు చేసింది, పదార్థాల విభాగం కేంద్రం ఐఐటీ ఢిల్లీకి వెళ్లింది. మంచిదే. మన రాష్ట్రం మాత్రం వేరొకరు కట్టిన యంత్రం తెచ్చి, దాని మీద ప్రోగ్రాములు రాయడమే క్వాంటం అనుకుంటోంది. రేపు ఆ యంత్రం పాతబడితే కొత్తది మళ్లీ కొనాలి. స్ఫటికం పెంచడం తెలిసినవాడు మాత్రం ఏ యంత్రం వచ్చినా కావలసినవాడే.

విశాఖ ఎందుకంటారా? ఈ ఊరికి చలీ తెలుసు, కొలిమీ తెలుసు. గాజువాక వైపు బీహెచ్‌పీవీ అనే ప్రభుత్వ కర్మాగారంలో గాలిని చల్లార్చి ఆక్సిజన్, నైట్రోజన్ విడదీసే ప్లాంట్లు, క్రయోజెనిక్ ట్యాంకులు తయారుచేసిన చేతులున్నాయి. ఇప్పుడది బీహెచ్ఈఎల్‌లో భాగం. 2021 ఏప్రిల్‌లో జనం ఊపిరందక అల్లాడుతుంటే, దేశంలో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడ నింపుకుని మహారాష్ట్రకు బయల్దేరింది? మన స్టీల్‌ప్లాంట్‌లో. మైనస్ 183 డిగ్రీల ద్రవాన్ని 7 ట్యాంకర్లలోకి ఎక్కించి రైలు మీద పంపిన ఊరు ఇది. షిప్‌యార్డులో వెల్డింగు చేసేవారి కన్ను, స్టీల్‌ప్లాంట్‌లో కొలిమి రంగు చూసి వేడి చెప్పగలిగే ఫోర్‌మన్ కన్ను, త్సుకుబాలో ప్రెస్సు పక్కన నిలబడే కన్ను, ఒకే జాతివి.

అదే ఊళ్లో మా అక్క కూతురు ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేసింది. ఎక్కడో చెప్పను, ఒక కాలేజీ అనుకోండి. కిందటి సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అరిసెలు తింటూ అడిగాను, “ద్రవ నైట్రోజన్ ఎప్పుడైనా చూశావా తల్లీ?” అని.

“యూట్యూబ్‌లో చూశా మావయ్యా” అంది.

“మరి అతివాహకత ప్రాక్టికల్ ఉంటుంది కదా?”

“సిలబస్‌లో ఉంది. ల్యాబులో ఆ పరికరం మీద గుడ్డ కప్పి ఉంటుంది. చూసుకునే సార్ రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవర్నీ తీసుకోలేదు. సీనియర్ల రికార్డులో రీడింగులు చూసి ఎక్కించేశాం.” కాసేపాగి, తలొంచుకుని, “వైవాలో ఎక్కడ పట్టేస్తారోనని ఎంత టెన్షన్ పడ్డానో” అంది.

దానికి డిస్టింక్షన్ వచ్చింది. రాగి ఆక్సైడు బిళ్ల ఒకటి, చిన్న అయస్కాంతం ఒకటి, థర్మాకోల్ పెట్టెలో లీటరు ద్రవ నైట్రోజన్. ఇవి ఉంటే టేబుల్ మీద అయస్కాంతం గాల్లో తేలుతుంది, అసాధారణ అతివాహకతను ఇరవై నాలుగేళ్ల పిల్ల కళ్లారా చూస్తుంది. గాలి నుంచి నైట్రోజన్ తీసే ప్లాంట్లు కట్టిన ఊళ్లో ఆ లీటరు ఆ పిల్లదాకా రాలేదు. తప్పు దానిది కాదు, రీడింగులు ఎక్కించేసిన దాని తరగతిదీ కాదు. గుడ్డ తీసి పరికరాన్ని నడిపే మనిషిని జీతమిచ్చి నిలబెట్టుకోని వ్యవస్థది.

వాల్తేరు కొండ మీద ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకోకండి. రామన్ దగ్గర తయారైన సూరి భగవంతం 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు నిలబెట్టారు. స్ఫటికాల సౌష్ఠవాన్ని గ్రూప్ థియరీ అనే గణితంతో లెక్కగట్టి, వెలుగులో ఏ కంపనం కనిపిస్తుందో ఏది కనిపించదో ముందే చెప్పే పద్ధతిని ఆయన, సహచరుడు వెంకటరాయుడు ఇక్కడే కూర్చుని తీర్చిదిద్దారు. ఇవాళ మెలికల గ్రాఫీన్‌లో జంటలు ఏ దిక్కున బిగిశాయి, ఏ దిక్కున వదులయ్యాయి అని వర్గీకరించే భాష అదే గ్రూప్ థియరీ. ‘వి’ గీతను చదవడానికి కావలసిన వ్యాకరణం మీద తొంభై ఏళ్ల కిందట వాల్తేరులో పనిచేశారు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు గర్వం, దుఃఖం ఒకేసారి వస్తాయి.

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026తో నూరేళ్లు. శతాబ్ది పేరుతో ఆర్చీలు, విగ్రహాలు, సావనీర్లు వస్తాయి. వాటితో పాటు క్వాంటం పద్దులోంచి ఒక వాటా విశాఖకు తెచ్చి, ఒక పదార్థాల ప్రయోగశాల పెట్టమని ముఖ్యమంత్రిని, విద్యామంత్రిని అడుగుతున్నాను. ఒక అధిక పీడన ప్రెస్సు. నాలుగు కొలిములు. పొరలు పేర్చడానికి దుమ్ము లేని గది. హీలియంతో ఒక కెల్విన్ కిందికి దించే ఒక ఫ్రిజ్, వాడిన హీలియాన్ని తిరిగి పట్టుకునే ఏర్పాటు. అన్నిటికంటే ముందు మనుషులు: స్ఫటికాలు పెంచేవాళ్లు ఇద్దరు, పరికరాలు బాగుచేసేవాళ్లు ముగ్గురు, వాళ్లవి కాంట్రాక్టు పోస్టులు కాకుండా రిటైరయ్యేదాకా ఉండే పోస్టులు. బీహెచ్‌పీవీలో, స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి దిగిపోయినవాళ్లలోంచి మొదటి బృందాన్ని ఏరుకోవచ్చు, గాజువాకలో అడిగితే సాయంత్రానికి పదిమంది దొరుకుతారు. మొదటి ఐదేళ్లలో పత్రాలెన్ని వచ్చాయని అడగొద్దు. ఎన్ని బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలు బెంగళూరుకు, ముంబైకి పంపారు, వాటిలో ఎన్ని మంచివని తిరిగి కబురొచ్చింది అని అడగండి.

మా మేనకోడలు పీహెచ్‌డీకి దరఖాస్తులు పెడుతోంది. మెలికల గ్రాఫీన్ మీదే చేస్తానంటోంది. మొన్న ఆదివారం నా టేబుల్ మీద కూర్చుని పెన్సిలు ముల్లు గీకి, అంటుటేపు మడిచి తీసి, మడిచి తీసి, మరక పలచబడి దాదాపు కనిపించకుండా పోయేదాకా చేసింది. తర్వాత టేపును వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. దాని ల్యాబుల లిస్టు ఆ పక్కనే ఉంది: బెంగళూరు, ముంబై, ఢిల్లీ, కాన్పూర్, ఆ కింద రెండు విదేశాలవి. విశాఖ పేరు రాయడానికి కింద చోటు ఇంకా ఉంది.